చీమలు చెట్టును కాపాడతాయన్న వాదనకు ఏది బలం?

జీమ్యాట్_అభ్యర్థి:
ఎంబీఏ ప్రవేశానికి రాసే జీమ్యాట్‌లో క్రిటికల్ రీజనింగ్ అని, వాదనల బలాబలాలు తేల్చే ప్రశ్నలుంటాయి. అందులో ఒకదాని దగ్గర ఆగిపోయాను. "ఒక రకం తుమ్మలో చీమలున్న చెట్ల ఆకులకు పురుగు తక్కువ. కాబట్టి చీమలే ఆ చెట్లను కాపాడుతున్నాయి." దీన్ని బాగా బలపరిచేది ఏది? నాకు రెండు ఆప్షన్లు మిగిలాయి. ఒకటి: ఆ చెట్టు చీమలకు తేనె, ఉండటానికి బోలు ముళ్లు ఇస్తుంది. రెండోది: చీమలను తీసేసిన చెట్లకు పురుగు పెరిగింది. ఇల్లూ తిండీ ఇచ్చే చెట్టును చీమలు కాపాడుకోకుండా ఉంటాయా అని నా మనసు మొదటిదాని వైపే పోతోంది. ఎల్లుండే మాక్ టెస్ట్, టెన్షన్‌గా ఉంది.

పలాస_జీడితోట:
రెండోదే అండి. నేను జువాలజీ చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు జీడితోట చూసుకుంటున్నాను. ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ ఇష్టం.

చీమలు చేరాక పురుగు తగ్గిందా, లేక పురుగు పట్టని ఏపైన చెట్టునే చీమలు ఎంచుకున్నాయా? ఆ సందు మూయనిదే వాదన నిలబడదు. మీ మొదటి ఆప్షన్ చీమలు అక్కడ ఎందుకుంటాయో చెబుతుంది, ఉండి ఏం చేస్తాయో చెప్పదు. చెట్టు రసం పీల్చే పిండినల్లి పురుగు కూడా చీమలకు తీపి ఇస్తుంది. ఆ తీపి కోసం చీమలు పిండినల్లినే కాపాడతాయి, చెట్టుకు నష్టం!

1960లలో డేనియల్ జాన్జెన్ అనే జీవశాస్త్రవేత్త మెక్సికోలో చేసింది ఆ రెండో ఆప్షన్ పనే. ఎద్దు కొమ్ముల్లాంటి ముళ్లున్న తుమ్మల్లో కొన్నింటి నుంచి చీమలను తొలగించి, మిగతావాటిని అలాగే ఉంచాడు. చీమల్లేనివాటిని పురుగులు బాగా తినేశాయి, ఎదుగుదల పడిపోయింది, చచ్చినవీ ఎక్కువే. 1966లో ప్రచురించాడు.

చీమలను ఎలా తీశారన్నదీ చూడండి. మొదలు చుట్టూ జిగురు పట్టీ కడితే చీమలతో పాటు కిందనుంచి పాకే పురుగులూ ఆగిపోతాయి. మామిడికి పిండినల్లి ఎక్కకుండా కట్టేది అలాంటి పట్టీయే కదా. అయినా పురుగు పెరిగిందంటే వాదన ఇంకా గట్టిపడినట్టు.

తుమ్మచెట్టు:
మొదటి ఆప్షన్ పూర్తిగా వృథా కాదు. కెన్యాలోని లైకిపియాలో ఏనుగులూ జిరాఫీలూ రాకుండా ఏళ్ల తరబడి కంచె వేసినచోట తుమ్మలు చీమలకిచ్చే తేనె, బోలు ముళ్లు తగ్గించేశాయి. కాపలా కాసే చీమలు పలచబడి, కాపలా కాయని ఇంకో జాతి పెరిగింది. కాండం తొలిచే పెంకుపురుగుల బెడద ఎక్కువైంది. 2008లో వచ్చిన పరిశోధన ఇది. అంటే జీతానికీ కాపలాకూ సంబంధం ఉంది.

జీమ్యాట్_అభ్యర్థి:
ఇద్దరికీ థాంక్స్. మరి "చీమలు రాకముందు అన్ని చెట్లకూ పురుగు ఒకేలా ఉండేది" అని ఆప్షన్ వస్తే?

పలాస_జీడితోట:
అదీ బలపరుస్తుంది, చీమలు మంచి చెట్లను ఏరుకున్నాయన్న అనుమానం పోతుంది కాబట్టి. కానీ అదే కాలంలో ఆ చెట్ల దగ్గరికి పిట్టలో సాలీళ్లో చేరి ఉండొచ్చు. చీమలను మాత్రమే తీసి చూపించిన ఆప్షన్ పక్కన ఉంటే దాన్నే పెట్టండి.