గంట ట్రెడ్‌మిల్, జొన్నరొట్టె, పది వారాలు.. బొజ్జ మాత్రం కదుల్తలేదు

క్లాక్‌టవర్_నల్లగొండ:
అన్నలకు, అక్కలకు నమస్తే. వయసు 29, ఎత్తు 172 సెంటీమీటర్లు. పది వారాలల్ల బరువు 78 కిలోల నుంచి 75కు వచ్చింది. నడుము బొడ్డు దగ్గర 94 సెంటీమీటర్లు ఉండె, ఇప్పుడు 93. వారంల ఆరు రోజులు పొద్దుగాల గంట ట్రెడ్‌మిల్, వెంటనే అరగంట మిషన్ల మీద తేలిక బరువుతోని 20 రెప్స్ (ఆగకుంట ఇరవైసార్లు) చొప్పున. ముందు బెంచ్ ప్రెస్ (పండుకొని ఛాతి మీదికెల్లి బరువు పైకి నూకుడు) 50 కిలోలు 8 సార్లు పోయేది, ఇప్పుడు 5 దాటుతలేదు.
తిండి: పొద్దున రెండు జొన్నరొట్టెలు, మధ్యాహ్నం బ్రౌన్ రైస్, పప్పు, కూర. సాయంత్రం పల్లీలు, బెల్లం. రాత్రి మళ్ల రొట్టెలు. చక్కెర, బయటి తిండి పూర్తిగ బంద్. చికెన్ ఆదివారం ఒక్కరోజే. ఇంకో అరగంట కార్డియో (ట్రెడ్‌మిల్, నడక లాంటివి) పెంచాల్నా, లేకుంటే రాత్రి తిండి ఆపాల్నా?

బార్‌బెల్_సాబ్:
రెండూ వద్దు తమ్ముడు. నువ్వు రాసినదాంట్ల అసలు ముచ్చట బొజ్జ గాదు, బెంచ్. 8 నుంచి 5కు పడిందంటే పోయిన మూడు కిలోలల్ల కొవ్వు ఒక్కటే లేదు, కొంత నీళ్లు, కొంత కండ. అందుకే కాంటా దిగింది, టేపు దిగలే. ఇప్పుడు ఇంకో అరగంట ఉరికితే ఇదే పని ఇంకా జోరుగ అయితది.

తేలిక బరువు, 20 రెప్స్‌తోని కండ "కట్ అయితది", అంటే గీతలు పడి కనబడ్తది అనుడు జిమ్ముల పుట్టిన మాట. తిండి తగ్గించినప్పుడు ఒంటికి కండ అవసరమని గుర్తుచేసేది బరువే. వారంల మూడు రోజులు చాలు, సోమ, బుధ, శుక్ర. ఒకరోజు స్క్వాట్, బెంచ్, కూసొని లాగే కేబుల్ రో. ఇంకోరోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (నడుము కాడ వంగి బరువు లేపుడు), షోల్డర్ ప్రెస్ (భుజాల మీదికెల్లి పైకి నూకుడు), లాట్ పుల్‌డౌన్ (పైనున్న రాడ్ కిందికి గుంజుడు). ఇవి మార్చి మార్చి చెయ్యి. ఒక్కోటి 3 సెట్లు (దఫాలు), సెట్టుకు 6 నుంచి 8 రెప్స్, సెట్టుకు సెట్టుకు నడుమ రెండున్నర నిమిషాలు నిజంగ కూసో. సెట్టు ఆపినప్పుడు ఇంకో రెండు రెప్స్ పోతయ్ అనిపించాలె. అయిదు పోతయ్ అనిపిస్తే బరువు తక్కువైనట్టు.

మూడు సెట్లల్ల 8 వచ్చినంక పక్కకొక 1.25 కిలోల ప్లేటు, మొత్తం రెండున్నర పెంచు. నోట్‌బుక్కుల రాసుకో, యాదికి పెట్టుకుంటే మనసు ఎప్పుడూ ఎక్కువే చెప్తది. బాగ అలసిపోయిన వారం ఒక సెట్టు తగ్గించు గని బరువు తగ్గించకు. చానమంది దీన్ని ఉల్టా చేస్తరు.

ఇంకోటి, గంట ట్రెడ్‌మిల్ అయినంక బార్‌బెల్ కాడికి పోతే కాళ్లల్ల ఏముంటది? ముందు బరువులు, తర్వాత నడక. లేకుంటే ఒకటి పొద్దుగాల, ఇంకోటి మాపటికి.

పాలమూరు_పల్లి:
తమ్ముడూ, మీ తిండి శుభ్రంగానే ఉన్నది, లెక్కే లేదు. శుభ్రమైన తిండికి కేలరీలు ఉండవనుకుంటే అక్కడే దెబ్బ. వంద గ్రాముల జొన్నపిండి, వంద గ్రాముల పచ్చి బియ్యం, రెంటికీ సుమారు 340–350 కేలరీలే. రొట్టెకు కడుపు నిండుతది, తొందరగ ఆకలి కాదు, దాని లాభం అంతే. పల్లీలు మా దిక్కు చేన్లల్ల పండేవే, కాదనను, గని ఒక గుప్పెడు 30–35 గ్రాములు, 180–190 కేలరీలు. మీ బరువున్న మనిషి గంటల అయిదు కిలోమీటర్లు నడిస్తే కూసున్నదానికంటే ఎక్కువ ఖర్చయ్యేది దాదాపు అంతే. మిషన్ తెర మీద 400 అని వస్తది, అది నమ్మొద్దు.

75 కిలోలకు రోజుకు 1900 నుంచి 1950 కేలరీలు పెట్టుకోండి. ప్రొటీన్ కిలోకు 1.6 గ్రాముల లెక్కన 120. ఇప్పుడు మీకు అందులో సగం గూడ పోతున్నట్టు లేదు.

పొద్దున మూడు గుడ్లు పచ్చసొనతోనే, 60 గ్రాముల పిండితోని ఒక రొట్టె: 24 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యం (వండక ముందు తూచాలె), 40 గ్రాముల కందిపప్పుతోని గట్టిపప్పు, 200 గ్రాముల పెరుగు, కూరగాయలు కడుపు నిండ: 21. సాయంత్రం 40 గ్రాముల శనగల గుడాలు, ఒక అరటిపండు: 9. రాత్రి తోలు, బొక్క లేని చికెన్ బ్రెస్ట్ పచ్చిది 250 గ్రాములు, ఒక రొట్టె: 63. మొత్తం 117. నూనె రోజంతటికి 20 గ్రాములు. బొక్కలతోని కొట్టించుకుంటే 350 గ్రాములు తెచ్చుకోండి.

పచ్చిపులుసు ఎంత తాగినా ఏం గాదు, బెల్లం ఎక్కువ వెయ్యకుంటే. బ్రౌన్ రైస్ నచ్చకుంటే మానెయ్యండి, దాంతోని ఏ అద్భుతమూ లేదు.

క్లాక్‌టవర్_నల్లగొండ:
థ్యాంక్స్ అక్కా. ఇంట్ల అందరికీ ఒకటే గిన్నెల వండుతరు. నా ఒక్కని 20 గ్రాముల నూనె ఎట్ల తెలుస్తది? అమ్మను గంటె గంటెకు తూకం వెయ్యమంటే కొడ్తది.

పాలమూరు_పల్లి:
అమ్మను ఏమీ అడగొద్దు, ప్యాకెట్ మీద తారీఖు రాయండి చాలు. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. ఇంట్ల నలుగురు, ప్యాకెట్ ఆరు రోజులల్ల ఒడిస్తే మనిషికి రోజుకు 38 గ్రాములు. అంటే 340 కేలరీలు, ఎవరి పళ్లెంలనూ కనబడకుంట. పోపుకు గంటెతోని గాకుంట చెంచతోని పొయ్యమనండి, అదే ప్యాకెట్ పది పదకొండు రోజులు వస్తది. కూర పైన తేలిన నూనె పక్కకు ఒంపి ముక్కలు వేసుకున్నా కొంత కలిసొస్తది.

ఉదయసముద్రం_వాకర్:
కార్డియో గురించి జర. పూర్తిగ మానొద్దు, ఆరు గంటలను రెండు రెండున్నరకు దించు. బరువులు లేని రోజులల్ల 40 నిమిషాల చొప్పున మూడుసార్లు చురుకు నడక, మిగిలిన రోజులు మామూలుగ 8000 అడుగులు. నీ వయసుకు గుండె వేగం 115 నుంచి 135 నడుమ ఉండాలె. వాచ్ లేకుంటే పక్కనున్నోనితోని మాట్లాడి చూడు: మాటలు రావాలె, పాట రావొద్దు. ట్రెడ్‌మిల్ ఎత్తు పెట్టి ముందటి రాడ్ పట్టుకొని వేలాడితే ఎత్తు పెట్టినట్టే గాదు, ఒంటి బరువు చేతుల మీదికి పోతది.

లతీఫ్‌సాబ్ గుట్ట ఎక్కి దిగుడు మంచి కార్డియోనే, గని స్క్వాట్ ముందురోజు వద్దు. ఎక్కుడు ఊపిరి తీస్తది, దిగుడు తొడలు తీస్తది. దిగేటప్పుడు కండరం సాగుకుంటనే బరువు ఆపుతది, నొప్పి రెండోరోజు బయటపడ్తది.

ఎండకాలం పొద్దున ఏడు లోపల అయిపోవాలె. నడక ముందు, తర్వాత బరువు చూసుకో, అరకిలో తగ్గితే అరలీటరు చెమట పోయినట్టు. ఉప్పేసిన మజ్జిగ తాగు. నీళ్లు ఎక్కువ తాగమని అందరూ చెప్తరు, మన నల్లగొండ జిల్లాల మాత్రం ఏ నీళ్లో గూడ చూసుకోవాలె. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు రోజుకు నాలుగు లీటర్లు తాగితే ఆరోగ్యం కోసం చేసిన పనే ఎదురు తిరుగుతది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కబడ్తది. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఆర్ఓ నీళ్లో తాగండి. చిన్నప్పటి సంది బోరు నీళ్లే తాగి, వెన్ను బిగుసుకపోయి వంగరాని వాళ్లు డాక్టర్‌కు చూపించుకోకుంట డెడ్‌లిఫ్ట్ జోలికి పోవద్దు.

బార్‌బెల్_సాబ్:
వాకరన్న చెప్పిన మూడు నడకలు సరే, మొదటి మూడు వారాలు రెండే చాలంటా. బరువులు కొత్తగ పెరుగుతున్నయ్, నిద్ర ఏడు గంటలు లేకుంటే మోకాళ్లు, మోచేతులు ముందు మొరపెట్టుకుంటయ్. బెంచ్ తిరిగి 8కి వచ్చినంక మూడోది కలుపు.

కాంటా రోజూ పొద్దుగాల, దొడ్డికి పోయొచ్చినంక, ఏమీ తినక ముందు. ఒక్కరోజు అంకె చూడకు, ఏడు రోజుల సగటు చూడు. ఆదివారం దావత్‌కు పోయొస్తే సోమవారం కిలోన్నర ఎక్కువ చూపిస్తది. అది ఉప్పు, అన్నం పట్టుకున్న నీళ్లు, బుధ గురువారాలకు దిగిపోతది. దానికి భయపడి మంగళవారం ఉపాసముండకు. సగటు వారానికి 400 నుంచి 700 గ్రాములు దిగాలె. మూడు వారాలు కదలకుంటే అప్పుడు ఒక రొట్టె తీసెయ్. కిలో దాటి దిగుతుంటే ఒక రొట్టె కలుపు. నడుము పదిహేను రోజులకోసారి, ఊపిరి వదిలి, కడుపు లోపలికి గుంజకుంట.

క్లాక్‌టవర్_నల్లగొండ:
సమజైంది అన్నా. ఒక్కటే డౌటు, శనివారం మా ఇంట్ల నీసు ఉండదు, శ్రావణమాసమైతే నెలంతా బంద్. గుడ్డు గూడ రానియ్యరు.

పాలమూరు_పల్లి:
మీల్‌మేకర్ ఉన్నది గద. ఎండు 50 గ్రాములల్ల 26 గ్రాముల ప్రొటీన్, కేలరీలు 170 మాత్రమే. పనీర్‌ల అంత ప్రొటీన్ రావాలంటే కొవ్వు గూడ బాగ వస్తది. రాత్రి చికెన్ జాగల ఇవి 70 గ్రాములు, పొద్దున గుడ్ల జాగల రెండు పెసరట్లు, కప్పు గట్టి పెరుగు. రోజు మొత్తం 90–95 గ్రాముల కాడ ఆగుతది. ఒక నెల అట్ల నడిచినా బరువులు వదలకుంటే కండ ఎటూ పోదు.

వండేటప్పుడు చానమంది చేసే తప్పు: నానబెట్టి అట్లనే నూనెల వేస్తరు. ఉప్పేసిన మసిలే నీళ్లల్ల పది నిమిషాలు ఉంచి, చల్లనీళ్లల్ల వేసి, రెండు అరచేతుల నడుమ నురుగు పోయేదాంక పిండాలె, మళ్ల ఒకసారి కడిగి పిండాలె. ఆ పచ్చివాసన నురుగుల పోతది. తర్వాత నూనెల వేయించొద్దు, స్పాంజి లెక్క గుంజుకుంటయ్. ఉల్లిగడ్డ, టమాట మగ్గినంక నేరుగ పులుసుల వెయ్యండి, నూనెకు బదులు పులుసు తాగుతయ్.