ఏప్రిల్ 10నా, మే 11నా? అమెరికా కోవిడ్ ఎమర్జెన్సీ ముగింపుపై డౌట్

అందరికీ నమస్కారం. అమెరికాలో కోవిడ్ ఎమర్జెన్సీ ఎలా ముగిసిందో ఎల్లుండి క్లాసులో చెప్పాలి. నోట్సులో ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుని, మధ్యలో పెద్ద ప్రశ్నార్థకం పెట్టుకుని కూర్చున్నాను.

నాకు అర్థమైనంతవరకు అక్కడ ప్రకటనలు రెండు. 2020 మార్చి 13న ట్రంప్ ప్రకటించిన జాతీయ ఎమర్జెన్సీని కాంగ్రెస్ తీర్మానంతో రద్దు చేసింది, 2023 ఏప్రిల్ 10న బైడెన్ సంతకం పెట్టారు. ఆరోగ్య మంత్రి ప్రకటించిన ప్రజారోగ్య ఎమర్జెన్సీ వేరు. దాన్ని 90 రోజులకోసారి పొడిగిస్తూ వచ్చి, చివరికి 2023 మే 11న ముగించారు.

చిక్కంతా ఈ రెండోదాంతోనే. దీన్ని ఆపే బిల్లు 2023 జనవరి 31న ప్రతినిధుల సభలో 220-210తో నెగ్గింది (ఈ రెండోదాన్ని ప్రకటించి సరిగ్గా మూడేళ్లు!), కానీ చట్టం కాలేదు. మొదటిదాన్ని రద్దు చేసే దారి 1976 నాటి జాతీయ ఎమర్జెన్సీల చట్టంలోనే (National Emergencies Act) ఉంది. రెండోదానికి ఆధారమైన ప్రజారోగ్య సేవల చట్టం (Public Health Service Act) 319వ సెక్షన్‌లో మంత్రి ముగించడం, గడువు తీరిపోవడం తప్ప కాంగ్రెస్ రద్దు చేసే పద్ధతి ఎక్కడా కనపడలేదు. మరి సెనేట్ కూడా ఒప్పుకుని, ప్రెసిడెంట్ సంతకం పెట్టి ఉంటే ఆ బిల్లు మామూలు చట్టంలాగే పనిచేసేదా? మంత్రి మర్నాడే కొత్తగా ప్రకటిస్తే ఆపేదెవరు?

అమెరికా చట్టాలు చదివినవాళ్లు కాస్త విడమరిచి చెప్తారా? సెక్షన్ నంబరుతో చెప్తే మరీ మంచిది, మా సార్ ఊరికే వదలరు.