సమస్య: తల్లి మేని మీద తనయ మొలచె

నిర్వాహకుడు: మైక్రోస్కోపు కింద ఈస్టు మొగ్గ తొడగడం చూస్తుంటే ఈ పాదం తట్టింది. పూరణ ఈస్టు దాటి పోకూడదు.

గోదావరి:
పాత మచ్చ పక్క పట్టెను తావును
వలయ మొకటి గట్టె వదల కచట
ఈస్టు కణము చూడు మెంతటి వింతయో
తల్లి మేని మీద తనయ మొలచె

ఓరుగల్లు: "వలయ మొకటి గట్టె" చాలా బాగుంది. మొగ్గకు ముందే సెప్టిన్ ప్రోటీన్లు అక్కడ ఉంగరంలా చేరతాయి, ఆ సంగతి ఒక్క పాదంలో పట్టారు. కానీ మొదటి పాదం సగమే నిజం. మచ్చ (పాత మొగ్గ విడిపోయిన గుర్తు) పక్కనే తొడిగేది ఒక్క సెట్టు క్రోమోజోములున్న కణం. రెండు సెట్లున్నది ఏ కొసనైనా తొడుగుతుంది. మునుపటి అరటిపిలక పూరణలోనూ మీరు ఒక్క రకాన్ని చూసి అన్నిటికీ అంటగట్టారు.

గోదావరి: అరటి సంగతి అప్పుడే తేలిపోయింది, మీకు తప్ప అందరికీ నచ్చింది. మీ పూరణ ఏదండీ?

ఓరుగల్లు:
కొలిచి మధ్య చూచి కోయును పోంబెయే
చివరలందు పోము చేరనీదు
ఎవరు తల్లి యచట? యెవ్వరు కూతురు?
తల్లి మేని మీద తనయ మొలచె?

నిర్వాహకుడు: ఆహా, కాకువుతో, అంటే ప్రశ్నలా పలికే విరుపుతో, సమస్యనే తిప్పికొట్టారు! పోంబె అనే మరో జాతి ఈస్టు మొగ్గే తొడగదు. కడ్డీలా సుమారు 14 మైక్రాన్లు పెరిగి నడిమికి చీలుతుంది. నా ఓటు దీనికే.

గోదావరి: విరుపు బాగుంది, కాదనను. కానీ పోమ్1 ప్రోటీన్ (మీ "పోము") కొసల్ని కాపలా కాయడం "ఎక్కడ" అన్నదానికి జవాబు. "ఎప్పుడు" అన్నది వీ1 అనే ప్రోటీన్ చేతిలో ఉంది. అది చెడితే కణం సగం సైజులోనే చీలిపోతుంది. శాస్త్రవేత్త పాల్ నర్స్ ఎడిన్‌బరోలో పట్టుకున్నవి ఆ పొట్టి కణాలే, 2001 నోబెల్‌కి దారి పడింది అక్కడే. వీ1 లేని పోంబె పద్యం నాకు వెలితిగానే ఉంది.

ఓరుగల్లు: మీ పద్యంలో సీడీసీ42 ప్రోటీన్ ఉందా మరి? వలయం చోటు తేల్చేది అదే.

పాలమూరు: "ఎప్పుడు" మీద నాదొకటి.
ఎదిగి తూగు దాక నీయదు మొగ్గను
పిన్న కూతు, రింక పెరుగ వలెను
అమ్మ ముందె సిద్ధ మయ్యె మరల
తల్లి మేని మీద తనయ మొలచె

నిర్వాహకుడు: భావం గట్టిది. కూతురు తల్లికన్నా చిన్నగా పుడుతుంది కాబట్టి తొలి మొగ్గకు ఆలస్యమవుతుంది. మూడో పాదం చివర మాత్రం గణాలు తప్పాయి. "అయ్యెను వేగమే" అంటే సరి.

ఓరుగల్లు: "ముందె" ఉండగా "వేగమే" దండగ. "మరల" పోకూడదు, ఒక్కో తల్లి ఇరవై పైచిలుకు సార్లు తొడుగుతుంది. "అయ్యెను మరలను" అనండి.

గోదావరి: "మరలను" నిలుస్తుంది. ఇందులో ఓరుగల్లు గారిదే సరైన మాట.

నిర్వాహకుడు: అదే ఖాయం. రెండు సెట్ల కణం మీద పూరణ ఇంకా రాలేదు, గోదావరి గారూ.