ఆడవాళ్లకి జరిగే అన్యాయం నిజంగా చెప్పుకునేంత ఉందా?

దిల్‌సుఖ్‌నగర్ రెప్ అడిగిన ప్రశ్న:

గొడవ పెట్టుకుందామని కాదు, నిజంగానే అడుగుతున్నా.

నేను మెడికల్ రెప్‌ని. పొద్దున బండి తీస్తే మలక్‌పేట, కోఠి, హిమాయత్‌నగర్ క్లినిక్‌లన్నీ తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి పది. ఎండలో హెల్మెట్ లోపల తల ఉడికిపోతుంది, టార్గెట్ తగ్గితే మేనేజర్ నోటికి అడ్డు ఉండదు. నిన్న టీవీలో ఎవరో మేడం "ఈ సమాజంలో స్త్రీకి అడుగడుగునా వివక్ష" అని గంట మాట్లాడారు. నాకు ఒళ్లు మండింది.

చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి జీరో టికెట్. మెట్రో రైల్లో విడిగా చోటు. 2014 నుంచి ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టుకునే పోలీసు షీ టీమ్స్. జీహెచ్‌ఎంసీ కార్పొరేటర్ సీట్లలో సగం వాళ్లవే. ఆస్తిలో సమాన వాటా అని చట్టమే చెబుతోంది. ఇంకేం కావాలి?

మరి నాకేముంది? చెల్లెలి పెళ్లి అప్పు నేనే కడుతున్నా. ఇంటి ఈఎంఐ నాదే. నా భార్య బ్యాంకు కాల్ సెంటర్ ఉద్యోగం మానేస్తే "పాపం, పిల్లల కోసం" అన్నారు అందరూ. నేను మానేస్తే ఏమంటారో మీకు తెలుసు. మ్యాన్‌హోల్‌లోకి దిగేది మగాడు, రాత్రి ఒంటిగంటకి బిర్యానీ పార్సిల్ పట్టుకుని పరిగెత్తేదీ ఎక్కువగా మగాడే. కేంద్రం నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క: 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్లు. దీని గురించి గంట మాట్లాడే మేడం ఎవరైనా ఉన్నారా?

తిట్లు వద్దు. తెలిసినవాళ్లు, కళ్లతో చూసినవాళ్లు చెప్పండి.

ఉప్పల్ ప్యాసింజర్:

అన్నా, గా జీరో టికెట్ మాట ఒక్కటి చెప్త. మా ఇంటామె హబ్సిగూడల నాలుగు ఇండ్లల్ల పని చేస్తది. ఇదివరకు పైసలు మిగుల్తయని రెండు స్టాపులు నడిచి బస్సెక్కేది. ఇప్పుడు నడుస్తలేదు. గంతే జరిగింది. సాయంత్రం కోఠి నుంచి వచ్చే బస్సుల ఒక్కపారి ఎక్కి చూడు, ఎవరికి ఏం వరం దొరికిందో తెలుస్తది. నిలబడనీకి జాగ దొరికితే అదే ఎక్కువ. నీ కష్టం కష్టం కాదని నేనంటలేను.

పేరోల్ మనిషి:

మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీలో జీతాల విభాగం చూస్తాను. సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. కొత్తగా చేరేవాళ్లలో అబ్బాయికీ అమ్మాయికీ జీతంలో తేడా మా దగ్గర లేదు. ఆ మాటకొస్తే మీరు చెప్పింది కొంత నిజమే.

తేడా తర్వాత మొదలవుతుంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. చాలా మంచిది. కానీ ఈఎస్‌ఐ, అంటే ప్రభుత్వ ఉద్యోగుల బీమా పథకం కాదు, కార్మికుల బీమా పథకం, దాని పరిధిలో లేనివాళ్లకి ఆ జీతం మొత్తం యజమానే భరించాలి. అందుకే ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు" అని నేరుగా అడగకుండా "ఫ్యూచర్ ప్లాన్స్ ఏంటి" అని అడుగుతారు. సెలవు తీసుకున్న ఏడాది రేటింగ్ "పర్వాలేదు" దగ్గర ఆగుతుంది, ఆ ఏడాది హైక్ పోతుంది, తర్వాత వచ్చే ప్రతి హైకూ ఆ తగ్గిన మొత్తం మీదే లెక్క. పదేళ్ల తర్వాత అదే బ్యాచ్ వాళ్ల పే స్లిప్పులు పక్కపక్కన పెడితే అప్పుడు కనపడుతుంది.

మీకొక ఎదురు ప్రశ్న. మీ పిల్లలు పుట్టినప్పుడు మీ కంపెనీ ఎన్ని రోజులు సెలవిచ్చింది? ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి సెలవివ్వాలని చెప్పే చట్టం లేదు. కోపం రావాల్సింది అక్కడ కదా.

దస్తావేజుల అక్క:

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్లు రాసుకునే మనిషిని. ఏ ఆఫీసో చెప్పను, చెబితే రేపు నా టేబుల్ అక్కడ ఉండదు. మా నాన్న స్టాంపు పేపర్ మీద చేత్తో రాసేవాడు, నేను కంప్యూటర్ మీద కొడుతున్నా. తేడా అంతే.

తమ్ముడూ, నీ లిస్టులో ఒక్క మాట తీసుకుంటా: ఆస్తిలో సమాన వాటా. మిగతావాటి మీద నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. ఇది మాత్రం రోజూ నా టేబుల్ మీద నడిచే వ్యవహారం.

చట్టం ఉంది, కాదనను. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది ముందు మన ఆంధ్రప్రదేశే. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లని మాత్రం వదిలేసింది. దేశం మొత్తానికి 2005 సెప్టెంబర్ 9న వచ్చింది. ముస్లిం కుటుంబాల లెక్క వేరు, అందులో కూతురికి కొడుకు వాటాలో సగం. ఆ సగం దగ్గర కూడా ఇప్పుడు చెప్పబోయే తంతే చూశాను.

తండ్రి పోతాడు. విల్లు ఉండదు. కొన్నాళ్లకి బిల్డరు డెవలప్‌మెంటుకి అడుగుతాడు, లేదా బ్యాంకు లోను కావాల్సి వస్తుంది. అప్పుడు అన్నదమ్ములు నా దగ్గరికి వస్తారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆడపిల్లల పేర్లు ఉంటాయి, వాళ్ల సంతకం లేకుండా పని ముందుకు పోదు. "అక్కా, హక్కు విడుదల ఒకటి కొట్టు" అంటారు. స్లాట్ ముందే బుక్ అయి ఉంటుంది. ఆడపిల్లలకి ఫోను మాత్రం ఆ రోజు పొద్దున పోతుంది, ఆధార్ తెచ్చుకో అని. వాళ్లు వచ్చి పక్క జిరాక్స్ షాపు మెట్ల మీద కూచుంటారు. అన్న థమ్సప్ తెప్పిస్తాడు. "నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా హక్కు భుక్తములు వదులుకొని" అని నేను కొడతా. ప్రతిఫలం ఏమీ లేదు అని కొడతా. లోపల ఫొటో, వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. టీ తాగినంత సేపు పట్టదు.

నేను చదివి వినిపిస్తా. వినిపించమని ఎవరూ అడగరు, అయినా సరే. "నీ వాటా ఎంత పలుకుతుందో తెలుసా అమ్మా" అని కూడా అడుగుతా. అన్న ముఖం మాడుతుంది. ఒక్కోసారి తల్లే కసురుతుంది, "నీకెందుకమ్మా, రాసేది రాయి" అని. ఆ పిల్ల ఏమంటుందో తెలుసా? "ఎందుకులే అక్కా, రేపు పుట్టింటి గడప తొక్కాలి కదా."

ఆమె అమాయకురాలు అనుకోకు. లెక్క వేసుకునే వచ్చింది. అత్తగారింట్లో ఏదైనా అయితే రాత్రిపూట వెళ్లడానికి ఒక్క ఇల్లు కావాలి. ఆ తలుపు మూసుకోకుండా ఉండటానికి ఉప్పల్ దగ్గర రెండొందల గజాల్లో మూడోవంతు ధర కడుతోంది. నీకు ఆ తలుపు ఊరికే వచ్చింది, ఆమె కొనుక్కుంటోంది.

కొడుకులు హక్కు వదులుకున్న కాగితాలు రావా అంటే, వస్తాయి. అమెరికాలో ఉన్న తమ్ముడు ఇక్కడి అన్నకి వదిలేస్తాడు. కానీ నేను రాసిన అలాంటి కాగితాల్లో ఎక్కువ వాటిలో ఎదురుగా డబ్బు చెల్లించిన చెక్కు నంబరు ఉంది. చెల్లెళ్ల కాగితాల్లో చెక్కు నంబరు రాసిన సందర్భాలు నాకు పేరుపేరునా గుర్తున్నాయి, అంత తక్కువ.

ఇంకో రకం కాగితం ఉంది, అది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. భార్య పేరు మీద ప్లాట్ కొంటారు. సేల్ డీడ్ ఆవిడదే, ఫొటో ఆవిడదే. హద్దులు చదువుతుంటే ఆయన ముఖం చూస్తుంది. కొన్నాళ్లకి మళ్లీ వస్తారు, ఆయనకి జీపీఏ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారం, రాసివ్వడానికి. ఇక అమ్మినా తాకట్టు పెట్టినా ఆయన ఒక్క సంతకం చాలు. లెక్కల్లో మాత్రం ఆవిడ "ఆస్తి ఉన్న మహిళ".

నువ్వు చెప్పిన ఆత్మహత్యల అంకె నిజం. అదే నివేదికలో ఇంకో రెండు ఉన్నాయి. చనిపోయినవాళ్లలో నాలుగోవంతుకి పైగా దినసరి కూలీలు. చనిపోయిన ఆడవాళ్లలో సగానికి పైగా గృహిణులు. ఆ పోయినవాళ్లని కబడ్డీ స్కోరులా అటో ఇటో రాసుకోవడం నాకు నచ్చదు. నీ ఈఎంఐ బరువు బరువే. కానీ ఆ లోను తీరిన రోజున బ్యాంకు ఒరిజినల్ కాగితాలు తిరిగిస్తుంది చూడు, వాటి మీద ఎవరి పేరు ఉంటుంది?

దిల్‌సుఖ్‌నగర్ రెప్:

అక్కా, మర్యాదగా చెప్పారు, థాంక్స్. కానీ ఒక్కటి. చెల్లి పెళ్లికి పదిహేను తులాల బంగారం, పన్నెండు లక్షలు పెట్టాం. అప్పు నా పేరు మీద. అది వాటా కాదా? పైగా అమ్మానాన్నల్ని చూసుకునేది నేను, చెల్లి పండక్కి వచ్చి పోతుంది. మళ్లీ ఇంట్లో సగం అంటే ఎలా?

దస్తావేజుల అక్క:

వాటా అని నువ్వు అనుకుంటే చాలదు తమ్ముడూ, కాగితంలో రాయాలి. రాయలేం. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. పన్నెండు లక్షల కట్నం వాటా కింద ఇచ్చాం అని రాస్తే అది నేరం ఒప్పుకున్న పత్రం అవుతుంది. అందుకే మా వాళ్లు "వివాహ సమయమున తగురీతిన ముట్టినందున" అని ఒక వాక్యం పెట్టి దాటేస్తారు. ఎంత ముట్టింది, ఎవరికి ముట్టింది అని ఏ ఆఫీసరూ అడగడు.

సరే, ఆ పన్నెండు లక్షలు ఎవరి ఖాతాలో పడ్డాయి? కట్నం ఎవరు తీసుకున్నా మూడు నెలల్లో ఆ అమ్మాయికి అప్పగించాలని అదే చట్టంలో ఆరో సెక్షన్. అప్పగించారా? చాలా ఇళ్లల్లో ఆ డబ్బు మామగారి పాత అప్పుకో, ఆడపడుచు పెళ్లికో పోతుంది. నీ జేబులోంచి వెళ్లింది, నీ చెల్లి చేతికి రాలేదు. దానికి నువ్వు వడ్డీ కడుతున్నావు, ఆమె వాటా కోల్పోతుంది. నీకు మండాల్సిందే, కాకపోతే చెల్లి మీద కాదు.

అమ్మానాన్నల సంగతి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకుతో పాటు కూతురి మీద కూడా బాధ్యత పెట్టింది, కాబట్టి చెల్లిని అడిగే హక్కు నీకుంది, అడుగు. కానీ రాత్రి పదికి ఇల్లు చేరతానని పైన నువ్వే రాశావు. అందాకా మీ నాన్నకి మందులు ఇచ్చేదీ, మీ అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ ఎవరు? ఉద్యోగం మానేసిన ఆవిడే కదా. 2024 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. మీ అమ్మానాన్నల్ని చూసుకుంటున్నందుకు మీ ఇంటి కాగితంలో ఆవిడకి ఏం వస్తుంది? నేనెప్పుడూ కోడలి పేరు మీద అలాంటి వాక్యం రాయలేదు.

దిల్‌సుఖ్‌నగర్ రెప్:

మీరు చెప్పింది చాలావరకు మా ఇంట్లో ఉన్నదే, కాదనలేను. కానీ "మగవాళ్లంతా దోచుకుంటున్నారు" అనే మాట నాకు ఇప్పటికీ ఎక్కదు. చెల్లి అడగలేదు, నేను లాక్కోలేదు.

పేరోల్ మనిషి:

అడిగిన చెల్లెళ్లని మీ చుట్టాల్లో ఏమంటారో కూడా చెప్పండి సార్. మా పిన్ని కోర్టుకి వెళ్లింది. ఆమె గెలిచింది. ఆ తర్వాత మా తాతగారి తద్దినానికి కూడా పిలవలేదు.

రామంతాపూర్ పెద్దమ్మ:

అమ్మా దస్తావేజుల అక్కా, చర్చ మధ్యలో వస్తున్నా. నాకు 1983లో పెళ్లైంది. నాన్న 1999లో పోయారు, విల్లు లేదు. ఇల్లు ఆయన సొంత సంపాదనతో కట్టిందే. ఇప్పుడు అన్నయ్య సంతకం పెట్టమంటున్నాడు. 1985కి ముందు పెళ్లైంది కాబట్టి నాకెలాగూ హక్కు లేదు, సంతకం ఊరికే ఫార్మాలిటీ అంటున్నాడు. నిజమేనా?

దస్తావేజుల అక్క:

హక్కు లేకపోతే సంతకం ఎందుకు పెద్దమ్మా?

1985 సంగతి పిత్రార్జితానికి, అంటే తాతల నుంచి వచ్చే ఉమ్మడి ఆస్తికి సంబంధించింది, మీ ఇంటికి రాదు. మీ నాన్నగారి స్వార్జితం, విల్లు లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే ఆయన భార్య, కొడుకులు, కూతుళ్లు, అప్పటికి ఆయన తల్లి ఉండి ఉంటే ఆవిడ, అందరికీ సమానం. పెళ్లెప్పుడైందన్న ప్రశ్నే లేదు. ఒకవేళ అన్నయ్య రేపు ప్లేటు మార్చి "అది తాతల ఆస్తి" అన్నా భయం లేదు. 2005 సవరణ పెళ్లయినవాళ్లని వదిలెయ్యలేదు. తండ్రి 2005 నాటికి బతికుండాలన్న వాదనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న కొట్టేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకం ఏదైనా ఉంటే మాత్రం దాన్ని కదపడం కష్టం.

కాబట్టి ముందు ఈసీ తీయండి, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. ఇంటి నంబరు పాతదీ కొత్తదీ రెండూ కొట్టి చూడండి, ఒక్కదానితో వెతికితే సగం లావాదేవీలు కనపడకపోవచ్చు. అన్నయ్య పేరు మీదికి ఇప్పటికే ఏదైనా మారిందేమో చూసుకుని, ఆ కాగితం పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి. నా దగ్గరికి వద్దు, నేను రాసేదాన్నే, వాదించేదాన్ని కాదు. ఈలోపు ఆధార్ పట్టుకుని రమ్మని ఫోనొస్తే ఒంట్లో బాగోలేదని చెప్పండి.