«నగరిలో నామూల సౌధంబు»: మూలా, మూలమా?

తంత్రి:
అందరికీ నమస్కారం. పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం మీద తీగవాద్యాల బృందానికి పావుగంట రచన ఒకటి రాస్తున్నాను. పన్నెండు వయొలిన్లు, నాలుగు వయోలాలు, మూడు చెల్లోలు, ఒక డబుల్ బేస్, ఒక వీణ. పాడేవాళ్లెవరూ లేరు. పద్యాల నడక మాత్రం వాద్యాల్లో వినబడాలని నా ఆశ. మొసలితో పోరు రాసేశాను. "లావొక్కింతయు లేదు" దగ్గర వీణ ఒంటరిగా మిగిలింది. ఇప్పుడు వైకుంఠం దగ్గర, "అల వైకుంఠపురంబులో" పద్యం దగ్గర, కలం ఆగిపోయింది.

మా తాతయ్య "నగరిలో నా" అని కాస్త ఊపిరి తీసుకుని "మూలసౌధంబు" అని ఒక్కమాటగా చదివేవారు. నాన్నేమో "ఆ మూల" అని చేత్తో దూరంగా చూపించేవాడు. మూల అయితే నలుగురు వయొలిన్లవాళ్లని వేదిక వెనక తలుపు అవతల నిలబెడతాను. మూలసౌధం, అంటే ప్రధానమైన మేడ అయితే, వాళ్లు నట్టనడుమ కూర్చోవాలి. ఏది సరైనది? మూడో పాదంలో "కాంతోపలోత్పల" తర్వాత కూడా నాకు తెగిపోతోంది.

ఛందోభ్రమరం:
తెగినచోట అతకండి.

అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దా
పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము పాహిపాహి యనఁ గుయ్యాలించి సంరంభియై.

యతిని అడిగి లాభం లేదు. పద్నాలుగో అక్షరం "నా". లోపలి "ఆ" అచ్చు మొదటి "అ"తో కలిసింది, దాని పని అయిపోయింది. తర్వాత వచ్చేది మూలో మూలమో అది చెప్పదు. అన్నట్టు ఈమధ్య అందరి నోటా "పురములో" అని వినిపిస్తోంది. "పురంబులో" అనకపోతే మూడో గణం కూలిపోతుంది.

మూలింటివాడు:
మా ఊళ్లో మమ్మల్ని "మూలింటివాళ్లు" అనే పిలుస్తారు. "ఆ మూల సౌధం" అన్నది అంత సహజమైన తెలుగు. పోతన చూపు ఎలా దిగుతోందో చూడండి: వైకుంఠం, అందులో నగరి, అందులో ఓ మూల మేడ, దాని పక్కన తోట, తోటలో కొలను, కొలను ఒడ్డు, ఒడ్డున చంద్రకాంతశిల. అడుగడుగునా చోటు చిన్నదవుతోంది. మధ్యలో "ప్రధానమైన మేడ" అంటే ఆ దిగుడుమెట్లలో ఒకటి విరిగినట్టే.

నిఘంటువుల నీడ:
మూలింటివారూ, గుడికి వెళ్లినప్పుడు "మూలవిరాట్టు" అంటే మూలన ఉన్న విగ్రహం అనుకుంటామా? మూలస్థానం, మూలధనం, మూలపురుషుడు, అన్నిటా మొదటిదే, ముఖ్యమైనదే. మూలసౌధం శుద్ధమైన తత్సమ సమాసం. ఇంటి యజమానిని మూలకి నెట్టే అవసరం పోతనకి లేదు.

మూలింటివాడు:
యజమాని అక్కడ కొలువు తీరలేదండీ! రమావినోదిగా ఉన్నాడు. ఏకాంతం మూలనే దొరుకుతుంది. పాహి అన్న కేక అంత లోపలి గదిదాకా చేరిందన్నదే కదా పద్యానికి ప్రాణం. నట్టనడి సభలో వినబడితే అందులో గొప్పేముంది?

పడమటిగాలి:
తంత్రిగారూ, తెర వెనక ఆలోచనకి మంచి తోడు ఉంది. ఇంగ్లండు స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలని తనే అనువదించుకున్నాడు. మహాభారతంలోంచి సావిత్రి కథ తీసుకుని చిన్న ఒపేరా రాశాడు. 1916లో లండన్‌లో తొలి ప్రదర్శన. వాద్యకారులు పన్నెండుమందే. మొదట్లో యముడి గొంతు తెర వెనకనుంచి, ఏ వాద్యం తోడూ లేకుండా వస్తుంది. కనబడని స్త్రీల బృందగానమూ ఉంది. ఆ దూరమే భయం పుట్టిస్తుంది.

మూలింటివాడు:
అక్కడ దూరంనుంచి వచ్చేవాడు ప్రాణం పట్టుకుపోయేవాడు. ఇక్కడ వచ్చేవాడు ప్రాణం నిలిపేవాడు. ఒకే ఉపాయం రెంటికీ పనికొస్తుందా?

పడమటిగాలి:
పనికొస్తుంది, వినేవాడికి ముందుగా చెప్పకపోతే. రష్యన్ స్వరకర్త రిమ్‌స్కీ కోర్సకోవ్ 1888లో అరేబియన్ రాత్రుల కథల మీద షెహెరజాద్ అనే వాద్యరచన రాసినప్పుడు భాగాలకి కథల పేర్లు పెట్టి, తర్వాత తనే తీసేశాడు. కథ చెప్పే షెహెరజాద్‌కి మాత్రం ఒంటరి వయొలిన్ ఉండిపోయింది. మీరూ "ఇది వైకుంఠం" అని కరపత్రంలో అచ్చేయకండి.

బమ్మెర బాట:
వ్యాసుడి మూలంలో ఆ మూలే లేదు! "ఛందోమయేన గరుడేన సముహ్యమానః" అని గరుడుడి మీద వచ్చేస్తాడు స్వామి. మేడ, కొలను, కలువల పాన్పు పోతన కట్టినవే. గరుడుణ్ణి కూడా "అభ్రగపతిం బన్నింపఁడు" అని ఆపేశాడు. నా ఊహ ఒకటి చెబుతాను. గజేంద్రుడుండే త్రికూటపర్వతం దగ్గరి తోట వర్ణనలో వ్యాసుడు మందారాలు పెట్టాడు. పోతన ఆ మందారాలని వైకుంఠంలో పూయించాడు. కింద మకరి ఉన్న సరసి, పైన అమృతసరస్సు. తంత్రిగారూ, మీ మొసలి కొలను స్వరాలనే తలకిందులు చేసి పైకొలనుకి వాడండి. మూలా మూలమా అన్న బాధ తీరిపోతుంది.

తంత్రి:
బాట గారూ, ఇది నన్ను రాత్రంతా పడుకోనివ్వదు! పోరు భాగం "కరిఁ దిగుచు మకరి" కందం మీదే కట్టాను. 64 మాత్రలు, ఎనిమిది ఎనిమిదులు, ఆదితాళంలో ఇమిడిపోయాయి. అరవై లఘువులు, రెండే గురువులు: "బెరయన్", "పడన్". ఆ రెండుచోట్లే డబుల్ బేస్ మోగుతుంది. చెల్లోలు కరి, వయోలాలు మకరి.

ఛందోభ్రమరం:
ఆ రెండు గురువులని పట్టుకున్నందుకు మీకు దండం. "తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్" వదిలిపెట్టకండి. ఒకరి వెనక ఒకరు, ఒకే దారిలో. ఒక వాద్యం మొదలెట్టిన వరసని రెండోది అందుకోవడం ఆ పద్యంలోనే రాసి ఉంది. ఆ తర్వాత కొద్ది పద్యాలకి "అడిగెద నని కడువడిఁ జను" వస్తుంది. అడుగు వేసి, ఆగి, మళ్లీ వేసే లక్ష్మీదేవి. కాలు తడబడే తీరుని అక్షరాల్లో అంతగా వినిపించినవాడు నాకింకొకడు కనబడలేదు.

నిఘంటువుల నీడ:
మళ్లీ సౌధం దగ్గరికి వద్దాం. అందరూ "దాపల" దాటేశారు. చాలామంది "దాపున" అన్నట్టు చదువుతారు. దాపల అంటే ఎడమ. కాడికి కట్టిన జతలో దాపటి ఎద్దు, వలపటి ఎద్దు. తోట మేడకి ఎడమవైపు ఉంది.

తంత్రి:
ఎవరి ఎడమ? మేడలో ఉన్నవాడిదా, ఎదుట నిలబడ్డవాడిదా? వేదిక మీద ఇది నాకు చావుబతుకుల ప్రశ్న.

నిఘంటువుల నీడ:
దున్నేవాడు ఎడ్ల వెనక నిలబడతాడు. అతని ఎడమే దాపల. మీ బృందాన్ని నడిపే మనిషి కూడా అలాగే వాద్యాలవైపు ముఖం పెట్టి నిలబడతాడు కదా. అతని ఎడమన సాధారణంగా ఉండేది మొదటి వయొలిన్లే. మందారవనం వాళ్ల చేతిలో పెట్టండి.

మూలింటివాడు:
ఇది చాలా బాగుంది. మూల మాత్రం మూలే.

వానచినుకు:
నాటకాల్లో పద్యం విని పెరిగినదాన్ని. పాదం చివర "సౌధంబు దా…" అని రాగం తీసి, ఆ తర్వాత "పల" ఎత్తుకునేవారు. మా సీమలో "ఇటు దా" అంటే రమ్మని. చిన్నప్పుడు నాకది ఏనుగు పిలిచినట్టే వినబడేది. అర్థం తప్పని తెలుసు. అయినా ఆ "దా" దగ్గర వీణ ఒక్కసారి మీటితే నా చెవికి నిండుగా ఉంటుంది.

ఛందోభ్రమరం:
ఒప్పుకోను. పాదం విరిగినా మాట విరగకూడదు. "పల"లో ప్రాసకి "ల" కావాలి కాబట్టి ఆయన అక్కడ విరిచాడు, పాడేవాడు ఆగాలని కాదు.

తంత్రి:
రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. "ఆ మూల" అంటూ చెయ్యి ఎటు చూపించేవాడివని అడిగాను. ఆయనకి పద్యం గుర్తుంది, చెయ్యి గుర్తులేదు. అమ్మ పక్కనుంచి అందుకుంది: నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తూ చదివేవాడట. కుడిచెయ్యి హ్యాండిల్ మీద, చూపించేది ఎడమచెయ్యి. గురువారం సాధనలో నలుగురు వయొలిన్లని ఎడమ తలుపు అవతల నిలబెట్టి చూస్తాను. తర్వాత నడుమకి పిలిచి మళ్లీ వింటాను.

ఛందోభ్రమరం:
అంతా బాగుందమ్మా. నాన్నగారు సైకిల్ మీద "దా" దగ్గర ఆగేవారా, "దాపల" అని కలిపేసేవారా? అది అడిగావా?