గాలియం ఆర్సెనైడ్ వేఫర్ పగిలింది, ముక్కలు ఎలా తీయాలి?

ప్రశ్న: ల్యాబ్‌లో నిన్న గాలియం ఆర్సెనైడ్ వేఫర్ (చిప్‌ల తయారీకి వాడే పలుచని బిళ్ల) పట్టకారు నుంచి జారి బల్ల మీద పడి నాలుగు ముక్కలైంది. పక్కన కాస్త బూడిదరంగు పొడి కూడా రాలింది. ఆర్సెనిక్ అనే మాట తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ముట్టుకోవచ్చా? సిలికాన్ ఉండగా అసలు దీన్నెందుకు వాడతారు?

జవాబు: కంగారు పడకండి. గట్టి ముక్క నీళ్లలో దాదాపు కరగదు, గ్లవ్స్ వేసుకుని పట్టకారుతో తీసేయొచ్చు, అంచులు మాత్రం గాజుపెంకులా కోస్తాయి. భయపడాల్సింది ఆ పొడికి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడ నెమ్మదిగా కరిగి ఆర్సెనిక్ ఒంట్లోకి చేరుతుంది, అందుకే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2006లో వెలువరించిన సంపుటిలో దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. చీపురుతో ఊడ్చకండి, నోటితో ఊదకండి, మామూలు వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, అది సన్నపొడిని వెనక నుంచి గదంతా చిమ్ముతుంది. తడి టిష్యూతో ఒత్తి తీసి, ముక్కలతో పాటు మూత ఉన్న డబ్బాలో వేసి, ఆర్సెనిక్ వ్యర్థం అని రాసి అప్పగించండి.

ఎందుకు వాడతారంటే, ఇందులో ఎలక్ట్రాన్లు సిలికాన్‌లో కంటే దాదాపు ఆరు రెట్లు చురుగ్గా కదులుతాయి, పైగా 1.42 ఎలక్ట్రాన్ వోల్టుల బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం) నేరు రకం, అంటే డైరెక్ట్, కావడం వల్ల కరెంటును కాంతిగా మార్చగలదు, సిలికాన్‌కి అది చేతకాదు. లేజర్ డయోడ్లు, ఫోన్లలో సిగ్నల్ పెంచే చిప్‌లు, ఉపగ్రహాల సౌరఫలకాలు అన్నిట్లో ఇదుంది.

ప్రశ్న: థాంక్సండీ. మిగిలిన మరకని యాసిడ్‌తో కడిగేయనా?

జవాబు: వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి! బలమైన యాసిడ్ తగిలితే ఆర్సీన్ అనే ఆర్సెనిక్ విషవాయువు పుట్టొచ్చు. దానికి వెల్లుల్లి వాసన ఉంటుంది కానీ ఆ వాసనని నమ్ముకోకూడదు, మన ముక్కుకి తెలిసేసరికే మోతాదు పని స్థలాల్లో అనుమతించే పరిమితికి పది రెట్లు దాటి ఉంటుంది. అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, లక్షణాలు కొన్ని గంటలు ఆగి గానీ బయటపడవు. ఎచింగ్ (రసాయనంతో పైపొరను కరిగించడం) చేయాల్సి వస్తే ఫ్యూమ్ హుడ్‌లోనే (వాయువులను బయటికి లాగేసే పెట్టెలో) చేయండి, ఆ ద్రవంలో ఆర్సెనిక్ కరిగి ఉంటుంది కాబట్టి సింకులో పోయకండి. ఎప్పుడైనా యాసిడ్ పని తర్వాత తలనొప్పి, వాంతి, మూత్రం ఎర్రగా రావడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, ఆర్సీన్ అనే మాట డాక్టరుకి మీరే ముందు చెప్పండి.