ఉగ్రవాదం మీద ముస్లిం మతపెద్దలు మాట్లాడుతున్నారా, లేదా?

కావలివాసి:
పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మా కావలి మనిషి ఒకరు పోయారు, విశాఖ ఆయన ఒకరు పోయారు. శవపేటిక ఊళ్ళోకి వచ్చిన రోజు రోడ్డు పక్కన నిలబడి చూశాను. అప్పటి నుంచి మనసులో ఒకటే ప్రశ్న. మతం అడిగి మరీ చంపినప్పుడు, చంపినవాళ్ళ మతం పెద్దలు ఎందుకు గట్టిగా మాట్లాడరు? ద్వేషంతో అడగడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు భాయ్:
అన్నా, మీ బాధ న్యాయమైనదే. కానీ మాట్లాడరు అన్నది నిజం కాదు. 2008 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్ మదరసాలో వేలమంది ఉలేమాలు (మతపండితులు) కూర్చుని ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని తేల్చి చెప్పారు. మే నెలలో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో అదే మాటను ఫత్వాగా (మతపరమైన తీర్పుగా) చదివారు. నవంబరులో మన హైదరాబాద్‌లోనే ఉలేమాల సంస్థ జమియత్ ఉలమా సభలో సుమారు 6,000 మంది ఆ ఫత్వాను బలపరిచారు.

అదే నెలలో ముంబై దాడి జరిగింది. చనిపోయిన తొమ్మిది మంది ఉగ్రవాదులను బడా ఖబరస్తాన్‌లో పూడ్చనిచ్చేది లేదని అక్కడి ముస్లిం ట్రస్టు చెప్పేసింది. శవాలు ఏడాదికి పైగా మార్చురీలోనే ఉండిపోయాయి. ఎంత పాపం చేసినవాడికైనా జనాజా నమాజు చదివి మట్టి ఇవ్వడం మా బాధ్యత. ఆ మట్టే ఇచ్చేది లేదన్నారంటే ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

పహల్గాం తర్వాతి శుక్రవారం మా మసీదు మెట్ల మీద ఒక పెద్దాయన నల్ల రిబ్బన్ ముక్కలు, గుండుసూదుల డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నా వచ్చినవాళ్ళందరి చొక్కాలకూ తనే గుచ్చి పంపాడు. ‘ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీస్తే మానవాళి మొత్తాన్ని చంపినట్టే’ అన్న ఖురాన్ వాక్యం మీదే ఆ రోజు ఇమాం సాబ్ బయాన్ (ప్రసంగం) సాగింది. శ్రీనగర్ జామియా మసీదులో కశ్మీర్ మతపెద్ద మీర్వాయిజ్ ఉమర్ ఫారూఖ్ కూడా ఈ దాడిని ఖండించారు.

నిజం కావాలి:
భాయ్, ఖండనలు చాలానే చూశాం. ‘ఇస్లాం శాంతి మతం’ అని చెప్పి ఆపేస్తే సరిపోదు. లష్కర్ తప్పు, జైష్ తప్పు అని పేరు పెట్టి అనాలి కదా. 2021లో తాలిబాన్లు కాబూల్‌ను పట్టుకుంటే ఇక్కడ కొందరు మతపెద్దలు అభినందనలు చెప్పారు. అది మర్చిపోదామా?

గుంటూరు భాయ్:
మర్చిపోవద్దు. ఆ అభినందనలు విని నేనూ తలదించుకున్నాను. పేరు పెట్టి చెప్పాలన్న మాటా ఒప్పుకుంటాను. కానీ పేరు పెట్టి చెప్పినవాళ్ళు లేకపోలేదు. 2014లో 120 మందికి పైగా పండితులు ఐసిస్ నాయకుడు బాగ్దాదీ పేరు మీదే బహిరంగ లేఖ రాసి, ఐసిస్ వాదనలను ఒక్కొక్కటిగా కొట్టేశారు.

ఇక ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ సంగతి. ఆత్మాహుతి దాడులు హరామ్ (మతంలో నిషిద్ధం) అన్నందుకు పెషావర్‌లో మౌలానా హసన్ జాన్‌ను 2007లో కాల్చి చంపారు. లాహోర్‌లో ముఫ్తీ సర్ఫరాజ్ నయీమీ తాలిబాన్లను బహిరంగంగా తప్పుపట్టేవారు. 2009 జూన్‌లో జుమ్మా నమాజు అయ్యాక ఆయన మదరసాలోనే మానవబాంబు ఆయన్ను బలి తీసుకుంది. 2018లో కాబూల్‌లో ఉలేమాలు ఇలాంటి ఫత్వానే ఇచ్చి బయటికి వస్తుంటే గేటు దగ్గర బాంబు పేలింది. మతపెద్దలు నోరు మెదపలేదు అంటే వీళ్ళు గుర్తొచ్చి నాకు కడుపు మండుతుంది.

చార్మినార్ చెల్లెలు:
ఒక్క మాట. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు పోయింది నమాజుకు వచ్చినవాళ్ళే. మేమూ బాధితులమే. ఎక్కడ ఏం జరిగినా ముందు మమ్మల్ని సంజాయిషీ అడగడం చాలా నొప్పిగా ఉంటుంది.

కావలివాసి:
అమ్మా, మిమ్మల్ని నొప్పించాలని కాదు. కానీ ఇవన్నీ నాకెందుకు తెలియలేదు? రోజూ రెండు పేపర్లు చదువుతాను.

గుంటూరు భాయ్:
బయాన్ ఉర్దూలో, ఫత్వా ఉర్దూలో, ప్రకటన ఉర్దూ పత్రికలో. తెలుగులో చెప్పుకోకపోవడం మా లోపమే. మా మసీదుకు వచ్చే కుర్రాళ్ళలో సగం మందికి ఉర్దూ చదవడమే రాదు. ఈ శుక్రవారం ఖుత్బాకు (నమాజు ముందు చేసే ప్రసంగానికి) ముందు ఐదు నిమిషాలు తెలుగులో చెప్పమని ఇమాం సాబ్‌ను అడుగుతాను.

నిజం కావాలి:
లష్కర్ పేరు పెట్టి చెప్పమనండి. నేనూ వచ్చి వింటాను.

గుంటూరు భాయ్:
అదీ అడుగుతాను. ఆయన ఏమన్నారో శనివారం ఇక్కడే రాస్తాను.